ఎరిగిన నీళ్ళు

మగ్దలీన పొద్దున్నే లేచి మొదట నూతికాడికి వెళ్తుంది. చేతిలో రెండు ప్లాస్టిక్ బిందెలుంటాయి, చేద ఉండదు. మొగలిదిబ్బ పేటలో చేదతో పని కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకే. మిగతావాళ్ళు గట్టు మీద ఒంగి చెయ్యి చాపితే చాలు, అడుగున ఎక్కడో ఉన్న నీళ్ళు తల్లిని చూసిన దూడ తలెత్తినట్టు మెల్లగా పైకి లేస్తాయి. గట్టుకి జానెడు కింద ఆగుతాయి. బిందె ముంచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటే మళ్ళీ దిగిపోతాయి.

ఉద్దానంలో పాత నూతులన్నీ అంతే. ఏ పేట నుయ్యి ఆ పేట మనుషుల్నే ఎరుగుతుంది. మగ్దలీన పుట్టిల్లు టెక్కలి. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆమె కూడా చేద వేసే తోడుకుంది. కొడుకు ప్రేమ్ సాగర్ పుట్టి, పురుటి స్నానం అయ్యాక నూతికాడికి వెళ్తే నీళ్ళు లేచాయి. పక్కనున్న అత్త చూసి, "ఇంక ఆ సేద ఎవులికైనా ఇచ్చీ" అని తన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నీళ్ళు తెచ్చాక మగ్దలీన పొయ్యి వెలిగించి గంజి కాస్తుంది. అరుగు మీద నులక మంచంలో పడుకున్న ప్రేమ్ సాగర్‌ని లేపి మొహం కడుగుతుంది. వాడికి నిండా పాతికేళ్ళు లేవు. రోజుకి ఎన్ని నీళ్ళు తాగొచ్చో విశాఖపట్నం డాక్టర్లు చెప్పారు. ఆ కొలతకి చిన్న గ్లాసొకటి వేరే పెట్టింది. వాడు అంచు దాకా పొయ్యమంటాడు, ఆమె పొయ్యదు. రోజూ ఆ గొడవ అయ్యాకే ఇల్లు కదులుతుంది. కూతురు జెన్నిఫర్ టెక్కలి కాలేజీ బస్సుకి పరిగెడుతుంది. మగ్దలీన షేర్ ఆటోలో పలాస వెళ్ళి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనికి కూర్చుంటుంది. జీడి రసం పడీ పడీ ఆమె వేళ్ళ చివర్లు కాలిన పుల్లల్లా ఉంటాయి. పగలంతా ప్రేమ్ సాగర్‌ని కనిపెట్టుకుని ఉండేది ఎస్తేరమ్మ. మగ్దలీన మామగారికి అక్క. ఇచ్ఛాపురంలో కాపురం చేసి, భర్త పోయాక ముసలితనంలో పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి.

మగ్దలీన భర్త జయకర్ పోయి రెండేళ్ళు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. ముందు ఆకలి చచ్చిపోయింది, తర్వాత కాళ్ళు వాచాయి, చివర్లో మొహం అతని మొహంలా లేదు. ఆ పేటలో కిడ్నీ అనే మాట మాటలు నేర్చే పిల్లలకి కూడా వచ్చు. ఎవరైనా పనికి రాకపోతే వెళ్ళి పలకరించి, మాట్లాడుతూనే వాళ్ళ కాళ్ళ వంక చూస్తారు. పెద్ద ఊళ్ళ నుంచి డాక్టర్లు వచ్చి సీసాల్లో రక్తం, సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు. నీళ్ళో, మట్టో, ఎండలో పనో, ఇంకేదో, ఎవరూ తేల్చి చెప్పలేదు. వాళ్ళు చెప్పకపోయేసరికి పేట తనే తేల్చుకుంది. ఇది రక్తంలోనే ఉంది. తండ్రి పోయిన ఇంట్లో కొడుకు పోతున్నాడు, ఇంక వేరే రుజువెందుకు?

అందరికంటే గట్టిగా నమ్మింది జెన్నిఫర్. కాలేజీలో రక్తపరీక్షలు చేసిన రోజు ఆ పిల్ల బస్సెక్కలేదు, జీడితోటలో కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చింది.

"సూపించుకుంటే పోయిందేటే?" అంది మగ్దలీన.

"సూపించుకుంటే వచ్చిందేటి? ఎక్కడికెల్లినా నా రగతం నాతోనే వత్తాది కదా."

నూతికి మాత్రం ఆ పిల్లంటే ప్రాణం. మిగతావాళ్ళు చెయ్యి చాపి కాసేపు ఆగాలి. జెన్నిఫర్ అడుగుల చప్పుడుకే నీళ్ళు ఎదురొచ్చేవి.

రెండువేల మూడు వేసవిలో, ఒక ఆదివారం చర్చి విడిచాక, పలాసలో ఆటో నడిపే ఢిల్లీరావు బండి పేటలోకి వచ్చి నూతికాడ ఆగింది. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ముందువైపు ముడేసి కట్టిన గళ్ళ లుంగీతో ఒక పెద్దాయన దిగాడు. ఎండకి మొహం కందిపోయి ఉంది.

ఆయన పేరు ప్రభుదాసు. రంగూన్‌లో పుట్టి పెరిగినవాడు. ఉద్దానంలో ఆ ఊరిని రంగం అంటారు. తెల్లదొరల కాలంలో ఈ తీరం నుంచి ఓడలెక్కి ఎంతోమంది రంగం పోయి, రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. ప్రభుదాసు తాత నీలయ్య వాళ్ళలో ఒకడు. బారువ రేవులో ఓడెక్కాడన్నంతవరకే ఇంట్లో తెలుసు. ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎందుకు వెళ్ళిపోయాడు అని అడిగితే నీలయ్య చుట్ట వెలిగించుకునేవాడు తప్ప మాట్లాడేవాడు కాదు. మా కొబ్బరితోట అని ఒక్కోసారి అనేవాడు. ఆ మాట పట్టుకుని రంగంలో మనవలందరూ తమది భూములున్న ఇల్లని చెప్పుకునేవారు.

బాగా ముసలివాడయ్యాక నీలయ్యకి ఒక అలవాటు వచ్చింది. దాహం వేస్తే వీధి కుళాయి దగ్గర కూర్చుని, తిప్పకుండా, ఊరికే చెయ్యి చాపి చూసేవాడు. చాలాసేపు చూసి, "ఇది నన్నెరగదు" అని దప్పితోనే లేచి వచ్చేసేవాడు. మతి తప్పిందనుకున్నారు. అప్పుడు ప్రభుదాసు చిన్నవాడు. ఆ చాపిన చెయ్యి ఆయన మనసులో అలాగే ఉండిపోయింది.

ఆయన చెల్లెలు కరుణమ్మ, బర్మాలో మనవాళ్ళని వెళ్ళగొట్టిన రోజుల్లో ఇండియా వచ్చేసి, ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగిని పెళ్ళి చేసుకుంది. అన్నాచెల్లెళ్ళు మళ్ళీ కలుసుకునేసరికి ఇద్దరికీ జుట్టు నెరిసింది. అక్కడ భోజనాల దగ్గర, ఉద్దానంలో కవిటి నుంచి వచ్చిన పక్కింటావిడ తన పుట్టింటి నుయ్యి గురించి మాటవరసకి ఏదో చెప్పింది. పండక్కి వెళ్తే నీళ్ళు తనకి ఇంకా లేస్తున్నాయట, అదొక మురిపెం ఆవిడకి. ప్రభుదాసు కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచాడు. మర్నాడే పలాస రైలెక్కాడు.

ఇచ్ఛాపురం వైపు నుంచి మొదలుపెట్టి ఊరూరూ తిరిగాడు. ఆటో ఆగగానే దిగి, నూతి దగ్గరున్న ఆడవాళ్ళకి నమస్కారం పెట్టి, "రంగం నుంచి వచ్చినానమ్మా, మా తాత ఊరు ఎతుకుతన్నాను" అనేవాడు. వాళ్ళు బిందెలు పక్కకి జరుపుకుని, "సూసుకోండి బాబూ" అని చోటిచ్చేవారు. చెయ్యి చాపేవాడు. నీళ్ళు కదిలేవి కావు. "మాది కాదు, పక్కూరు సూడండి" అని వాళ్ళు మళ్ళీ తమ కబుర్లలో పడిపోయేవారు.

మొగలిదిబ్బలో కూడా ముందు రైతుల వీధికే వెళ్ళాడు. అక్కడ మన్మథరావుది పెద్ద కొబ్బరితోట, ఇంటి వెనకే నుయ్యి. వచ్చిన పని వినగానే మన్మథరావు మొహంలో నవ్వు పోయింది. నీళ్ళు లేస్తే ఈయన దాయాది అవుతాడు, దాయాదికి తోటలో వాటా ఉంటుంది. అయినా కాదనలేక, తన కొడుకుల్ని కూడా పిలిచి నూతి చుట్టూ నిలబెట్టాడు. ప్రభుదాసు చెయ్యి చాపాడు. అందరూ లోపలికి ఒంగి చూశారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మన్మథరావు గట్టిగా ఊపిరి వదిలి, బొండాలు కొట్టించాడు.

"పేట నుయ్యొకటుందండి, అదీ సూసీండి" అన్నాడు, గ్లాసు అందిస్తూ. "మా తోటలో తరాల్నుంచీ పంజేసింది ఆళ్ళే. ఆళ్ళు కూడా మా తోట మా తోట అనే అంటారు."

ప్రభుదాసు ఆ బొండం నీళ్ళు సగమే తాగగలిగాడు.

పేటలో నూతి దగ్గరకి వచ్చి నిలబడ్డాక, ఆయన వెంటనే చెయ్యి చాపలేదు. మగ్దలీన బిందెలు కడుగుతోంది. ఆమె వైపు చూసి, "వందనాలమ్మా" అన్నాడు. తర్వాత ఒంగాడు.

నీళ్ళు జానెడు కింద ఆగలేదు. గట్టు దాకా వచ్చి, ఆయన వేళ్ళు తడిపి, మణికట్టు తడిపి, చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిపేశాయి. ఆయన చెయ్యి తీయలేదు. గట్టు మీద నుదురు ఆనించుకుని అలాగే ఉండిపోయాడు.

"అయితే మనోడే" అంది ఒకామె, బిందె చంకనెత్తుకుంటూ. "ఎవులి తాలూకో మరి."

"నీలయ్య అని" అన్నాడు ప్రభుదాసు, తలెత్తకుండానే. "నీలయ్య మనవణ్ణి."

మగ్దలీన చేతిలో బిందె కింద పెట్టింది. ఆ పేరు ఆమె ఇంట్లో వింటూనే ఉంది. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళి, ప్రేమ్ సాగర్ మంచం పక్కన కూర్చున్న ఎస్తేరమ్మ ముందు నిలబెట్టింది.

"అత్తా, ఈ బాబు రంగం నుంచి వచ్చినాడు. నీలయ్య మనవడంట."

ఎస్తేరమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"నీలయ్య నాకూ తాతే" అంది. "మా నాన్న కడుపులో ఉండగా, మా మామ్మ బంగారిని ఒగ్గీసి రంగం ఎల్లిపోనాడు. వానలెళ్ళీసరికి వత్తానన్నాడంట."

ప్రభుదాసు నిలబడలేక అరుగు అంచున కూర్చున్నాడు. "మా తాత ఇక్కడ పెళ్ళి సేసుకున్నాడా?"

"సేసుకోపోతే నానెక్కణ్ణుంచి వచ్చినాను?"

"మా మామ్మతో... రంగంలో... తనకి పెళ్ళి కాలేదని సెప్పినాడు."

ఎస్తేరమ్మ ప్రేమ్ సాగర్ మొహం మీద వాలిన ఈగని కొంగుతో తోలింది. తర్వాత, ఎవరితోనూ కాదన్నట్టు చెప్పుకుపోయింది.

"బారువలో ఓడొచ్చినాదంటే ఎల్లి రేవులో కూకునీది మా మామ్మ. దిగినోళ్ళందర్నీ అడిగీది. సూసినామన్నోడు ఒక్కడూ నేడు. మతంలో కలిసిన రోజున పాదిరిగారు బొట్టు తీసీమన్నాడు. తీనేదు. బాప్తీసం నీళ్ళల్లో మునిగి లెగిసి, ఒడ్డుకొచ్చి మళ్ళీ ఎట్టుకుంది. ఇది తీసీనానంటే ఆయన సచ్చిపోనట్టే కదా అనీది. పాదిరిగారు కసిరినా అంతే, సచ్చిపోయీవరకూ అంతే."

ప్రభుదాసు లేచి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. రంగంలో తాత ఫోటో హాల్లో పెద్దది పెట్టుకున్నారు. పక్కన తన మామ్మ ఫోటో ఉంటుంది. ఇప్పుడు ఆ రెండో ఫోటో వైపు ఎలా చూడాలో ఆయనకి తెలియలేదు.

"అప్పా, ఆయన సేసినదానికి నాను..."

"నువ్వేటి సేత్తావురా తమ్ముడా. ఎవులున్నారిప్పుడు. కూకో, టీ తాగు."

మగ్దలీన గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఎప్పుడో పోయిన ఒక ఆడమనిషి కష్టం ఆమెకి అర్థం కాకపోలేదు. కానీ ఆమె మనసులో తిరుగుతున్నది అది కాదు. ఇందాకటి నుంచీ ఆయన కాళ్ళు చూస్తోంది. పెద్ద వయసు, దూరం ప్రయాణం, అయినా చీలమండల ఎముకలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"మావా" అని పిలిచింది. వరసకి ఆయన చిన్నమామగారే. "మీ ఇంట్లో ఎవులైనా కాళ్ళు వాచి పోనారా?"

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. ఆమె మంచం వైపు చూపించింది. ప్రేమ్ సాగర్ నీరుపట్టిన మొహం, డయాలిసిస్ సూదులు దిగీ దిగీ ఉబ్బిన ముంజేతి నరం. "ఇలగ. ఇలగెవులైనా పోనారా మీకు?"

ప్రభుదాసు ఆలోచించాడు. "మా తాత పళ్ళన్నీ ఊడిపోయిందాకా ఉన్నాడమ్మా. మా నాన్న ఎనభై దాటిందాకా సైకిలు తొక్కినాడు. అత్తలు, బాబాయిలు అందరూ ముసలాళ్ళై పోయినవాళ్ళే. మా పెద్దన్న ఒక్కడే, యుద్ధంలో జపానోళ్ళ బాంబు పడి పోయాడు."

"కిడ్నీ నేదా?"

"లేదమ్మా."

"ఎవులికీ?"

"ఎవరికీ లేదు."

మగ్దలీన లోపలికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. నీలయ్య ఇక్కడొక కడుపు వదిలాడు, అక్కడొక ఇల్లు కట్టాడు. ఒకడి రక్తమే రెండు పాయలైంది. అక్కడి పాయలో మనుషులు పళ్ళూడేదాకా బతికారు. ఇక్కడి పాయలో ఎస్తేరత్త ఒక్కతే ముసలిదైంది, ఆమె బతుకంతా ఇచ్ఛాపురం నీళ్ళు తాగింది. మగ్దలీన పొద్దున తను తెచ్చిన బిందెల వంక చూసింది. పొయ్యి మీద టీ పొంగి నిప్పుల్లో పడుతున్నా ఆమె కదలలేదు.

తర్వాత వారం విశాఖలో డయాలిసిస్‌కి వెళ్ళినప్పుడు కుర్ర డాక్టరుని పట్టుకుని అడిగింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "ఒక్క ఇంటిని చూసి అలా చెప్పలేమమ్మా. నీళ్ళకి పరీక్షలు చేశారు, ఏమీ తేలలేదు" అన్నాడు. ఆమె తలూపింది. తేలడం కోసం కూర్చునే ఓపిక ఆమెకి లేదు.

ప్రభుదాసు కొన్నాళ్ళు పేటలోనే ఉన్నాడు. బంగారి సమాధి ఇసకలో ఎక్కడో కలిసిపోయింది. ఎస్తేరమ్మ చూపించిన చోట మోకరించి ప్రార్థన చేశాడు. సాయంత్రాలు ప్రేమ్ సాగర్ మంచం పక్కన కూర్చుని రంగం కబుర్లు చెప్పేవాడు. ప్రేమ్ సాగర్‌కి ఆ నది పేరు నోరు తిరిగేది కాదు. "ఐరావతి" అని మళ్ళీ మళ్ళీ అనిపించుకుని నవ్వేవాడు. ఆ ఇంట్లో నవ్వు విని చాలాకాలమైంది.

వెళ్ళే రోజు పొద్దున్న ప్రభుదాసు ఒక ఖాళీ సీసా పట్టుకుని నూతికాడికి వెళ్ళాడు. రంగంలో పిల్లలకి చూపించాలని, తలా ఒక చుక్క పోయాలని. నీళ్ళు గట్టు దాకా వచ్చాయి. నింపుకుని మూత బిగిస్తుంటే మగ్దలీన వెనకే వచ్చి నిలబడింది. ఆయన చేతిలోంచి సీసా తీసుకుంది. మూత విప్పి, ఇసకలో వంచేసింది.

"వద్దు మావా."

ఇసక తడిని పీల్చేసేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఇన్నాళ్ళు ఊళ్ళు తిరిగి ఆయన సంపాదించుకున్నది అదొక్కటే. ఖాళీ సీసా మళ్ళీ ఆమె చేతిలోంచి అందుకుని సంచిలో పెట్టుకున్నాడు. ఆటో ఎక్కబోతూ చెప్పాడు. "జెన్నిఫర్‌ని కరుణ దగ్గరికి పంపీ అమ్మా. ఖరగ్‌పూర్‌లో నర్సింగు సదివించుతాది. దానికి ఆడపిల్లలు లేరు. నాను మాట్లాడతాను."

జెన్నిఫర్ వినలేదు.

"అన్నని ఇలగొదిలీసి నానెల్నా? నీకు మతుండే అంటన్నావా?"

"నాను సూసుకుంటాను. నువ్వెల్లు."

"ఎల్లి ఏటి సెయ్యాలి? అక్కడ సావడానికా? ఇక్కడైతే మీరంతా ఉన్నారు."

"రగతంలో నేదే! రంగపోళ్ళకి నేదు కదా. నీళ్ళే ఇవి, నీళ్ళు."

జెన్నిఫర్ తల్లి వైపు జాలిగా చూసింది. "ఈ నీళ్ళా? అమ్మా, నానెల్తంటే ఎదురొత్తాయి ఇవి" అంది.

మగ్దలీన కొన్నాళ్ళు పలాసలో నీళ్ళ క్యాన్లు కొని ఆటోలో వేసుకొచ్చింది. ఆ ఖర్చు ప్రేమ్ సాగర్ మందుల డబ్బుకి అడ్డొచ్చింది. మళ్ళీ నూతి నీళ్ళే కాచి చల్లార్చి పెట్టింది. జెన్నిఫర్ కాలేజీ నుంచి వస్తూ వస్తూ నూతికాడ ఆగి, లేచి వచ్చిన నీళ్ళని దోసిట్లో పట్టి తాగేసి ఇంటికొచ్చేది. గడ్డం మీద తడి చూస్తే తల్లికి తెలిసిపోయేది.

క్రిస్మస్ ముందు ప్రేమ్ సాగర్ పోయాడు. చివరి రోజున కొలత గ్లాసు ఎవరూ తీయలేదు. మగ్దలీన చెంబుతో నీళ్ళిచ్చింది. వాడు కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగాడు. చాలనలేదు. ఇంకో చెంబిచ్చింది. పాస్టరుగారు వాక్యం చదివారు. తండ్రి పక్కనే చోటు ఉంది.

సమాధి కార్యక్రమం అయిన వారానికి జెన్నిఫర్ కాలేజీ పుస్తకాలు అటక మీద పెట్టేసింది. "రేపణ్ణుంచి నీతో ఫ్యాక్టరీకి వత్తాను" అంది. తల్లి ఒక్కర్తే అయిపోయిందని ఆ పిల్ల బెంగ. మగ్దలీన బతిమాలింది, తిట్టింది, ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది. జెన్నిఫర్ ఎదురు చెప్పలేదు, కదలలేదు. మర్నాడు పలాస ఆటోలో తల్లి పక్కన కూర్చుంది. సాయంత్రానికి వేళ్ళ చివర్లు పొక్కాయి. ఇంటికొస్తూ ఆ వేళ్ళని నూతి నీళ్ళల్లో ముంచి, "ఎంత సల్లగున్నాయో" అంది.

ఆ మాట మగ్దలీన గుండెలో దిగింది. మరుసటి రోజు ఒంట్లో బాగోలేదని కూతుర్ని ఒక్కదాన్నే పనికి పంపింది. మిట్టమధ్యాహ్నం, పేటలో మనిషి అలికిడి లేని ఎండలో, బిందె లేకుండా నూతికాడికి వెళ్ళింది. ఆమె ప్రార్థన చేసుకునే మనిషే. రాత్రీ పగలూ చేసింది. ఇప్పుడు అడగాల్సింది నూతినే అనిపించింది.

ఒంగి చెయ్యి చాపింది. నీళ్ళు లేచాయి.

"నిన్ను తిట్టడానికి రానేదు" అంది. గొంతు మామూలుగానే ఉంది. "తెలిసి సేసినావని నాననుకోను. నీకు మా మీద ఎంత పేణముందో నానెరుగుదును. ఊరుగాని ఊరిదాన్ని, నన్నెరిగినావు. నా మొగుణ్ణి ఎరిగినావు. నా కొడుకుని ఎరిగినావు. ఇంక సాలు తల్లీ. నన్నుంచుకో. దాన్నొగ్గీ. దాన్ని నువ్వెరగనట్టుండు."

నీళ్ళు చాలాసేపు కదలకుండా నిలబడ్డాయి. ఆమె మొహం అందులో కనబడుతోంది. తర్వాత, ఆమె చెయ్యి ఇంకా చాపి ఉండగానే, మెల్లగా దిగిపోయాయి.

మర్నాడు పొద్దున్న జెన్నిఫర్ బిందె పట్టుకుని వెళ్ళింది. నీళ్ళు ఎదురు రాలేదు. చెయ్యి చాపింది. రాలేదు. నవ్వుతూ, "ఏటీ, అలిగినావా?" అని లోపలికి ఒంగింది. నీళ్ళు ఇంకా కిందికి జరిగాయి. పక్కనే కొత్తకోడలు చేద వేస్తోంది. జెన్నిఫర్ ఆ చేద అడిగి తీసుకుని లోపలికి వదిలింది. తాడు అయిపోయింది గాని బొక్కెన తడవలేదు. అదే తాడుతో ఆ కొత్తకోడలు వేస్తే బొక్కెన నిండి వచ్చింది.

నూతికాడ ఆడవాళ్ళు చూశారు. ఒకామె తన బిందెలోంచి జెన్నిఫర్ బిందెలోకి సగం వంపి ఇచ్చింది. జెన్నిఫర్ ఆ బిందె అక్కడే వదిలేసి గట్టు పట్టుకుని లోపలికి అరిచింది. "నానేటి సేసినాను? సెప్పు, నానేటి సేసినాను?"

అరుపు తిరిగొచ్చింది, నీళ్ళు రాలేదు. మగ్దలీన గుమ్మంలో నిలబడి అదంతా విని, లోపలికెళ్ళి చీపురు పట్టుకుంది.

ఆ రోజు నుంచి పేట జెన్నిఫర్‌తో మారిపోయింది. చెడ్డగా కాదు. చుట్టంతో ఉన్నట్టు ఉండేవారు. అరుగు తుండుతో దులిపి కూర్చోమనేవారు. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాళ్ళు కూడా, "బాగున్నావా అమ్మా? ఎప్పుడెల్తావు?" అని అడిగేవారు. మొదటిసారి విన్నప్పుడు జెన్నిఫర్ నవ్వింది. తర్వాత వీధిలోకి రావడం మానేసింది. ఒక సాయంత్రం తల్లితో, "ఖరగ్‌పూర్ ఎల్తాను" అంది. మొహం గోడ వైపు తిప్పుకునే అంది.

పలాస స్టేషన్లో రైలు కదిలేదాకా జెన్నిఫర్ కిటికీ వైపు చూడలేదు. మగ్దలీన ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీ ఊచ పట్టుకుంది. చెప్పేయాలని ఒక్కసారి నోటి దాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల దిగిపోతుంది. ఊచ వదిలేసింది.

కరుణమ్మ మాట నిలబెట్టుకుంది. జెన్నిఫర్ నర్సింగు చదివి ఆసుపత్రిలో చేరింది. అక్కడి తెలుగు చర్చిలో పాట పాడే కుర్రాడొకణ్ణి పెళ్ళి చేసుకుంది. ఉద్యోగంలో చేరేముందు రక్తపరీక్ష తప్పనిసరి, తప్పించుకోవడానికి జీడితోట లేదు. ఏమీ లేదని వచ్చింది. తర్వాత ఏటా చేయించుకుంది, ఏటా ఏమీ లేదనే వచ్చింది. రంగంలో ప్రభుదాసు, తాత పేరు మీద చర్చిలో జ్ఞాపక ప్రార్థన పెట్టించి, ఇద్దరు భార్యల పేర్లూ పైకి చదివించాడట. ఇంట్లోవాళ్ళు చాలాకాలం ఆయనతో మాట్లాడలేదని కరుణమ్మ చెప్పింది.

జెన్నిఫర్ మొగలిదిబ్బకి మళ్ళీ రాలేదు. తల్లినే ఖరగ్‌పూర్ రమ్మనేది. పండక్కి చీర పంపేది, సెల్‌ఫోను కొని పంపింది, ఆదివారం ఆదివారం మాట్లాడేది. ఊరి మాటెత్తితే మాత్రం గొంతు గట్టిపడేది. తనని గెంటేసిన ఊరది.

రెండువేల ఎనిమిది వానాకాలంలో ఒక ఆదివారం ఫోను మోగింది. మగ్దలీన అరుగు మీద కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ పని మానేసి కొన్నాళ్ళైంది. కూతురికి చెప్పలేదు.

"తిన్నావా?" అంది జెన్నిఫర్.

"తిన్నాను."

"అబద్ధం. గొంతు నీరసంగుంది."

"ఇప్పుడే లెగిసినానే."

అవతల మనవరాలు ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, ఒకటడుగుతాను. నీకింకా లెగుత్తన్నాయా నీళ్ళు?"

"లెగుత్తన్నాయి."

"మరి నన్నెందుకొగ్గీసినాయే?" అంది జెన్నిఫర్. "ఇన్నేళ్ళైంది, నాకిప్పటికీ తెల్దు. అన్న పోనాడని ఏడిసినాను, నీకోసం సదువు మానీసినాను. నానేటి తప్పు సేసినాను? నీకైనా తెలుసా?"

మగ్దలీన చీర కుచ్చిళ్ళు పైకి లాగి, బొటనవేలితో వాచిన కాలి ఎముక మీద నొక్కింది. గుంట పడింది.

"నాకేటి తెలుసమ్మా" అంది. "నీళ్ళ మనసు ఎవులికి తెలుసు."

వేలు తీసింది. గుంట నిండడం లేదు. అది నిండుతుందేమోనని చూస్తూ, ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. అవతల మనవరాలు దేనికో పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు ఆగేదాకా మగ్దలీన వింటూ కూర్చుంది.